ఆయమ్మ నింపిన బొమ్మలు

ఆ చిన్నపిల్లల బడిలో టీచర్లు ముగ్గురు, ఆయమ్మ ఒక్కతే. ముక్కులు తుడవడం, చెప్పులు కుడీ ఎడమా చూసి తొడగడం, జోకొట్టి పడుకోబెట్టడం అన్నీ ఆవిడ పనే. అవి చాలనట్టు ఎవరూ చెప్పకుండా నెత్తిన వేసుకున్న పని ఇంకోటుంది, బొమ్మల్లో రంగులు నింపడం.

పిల్లలు రంగులేసిన కాగితాల్ని ప్రతి శుక్రవారం ఫైల్లో పెట్టి ఇళ్ళకి పంపేవారు. రంగులేస్తే వేళ్ళకి బలం వస్తుందనీ, రేపు పెన్సిలు పట్టడానికి అదే పునాది అనీ పెద్ద టీచరు మీటింగుల్లో చెప్పేది. మాట నిజమే. కానీ చూసేవాళ్ళకి పునాది కనపడదుగా, గోడే కనపడుతుంది. "వాళ్ళమ్మాయి చేప నిండుగా ఉంది, మావాడి చేప బోడిగా ఉందేం?" అని తల్లులు గుమ్మంలోనే నిలదీసేవారు. ఆ పోరు పడలేక, పిల్లలు పడుకున్న గంటలో ఆయమ్మ నేలమీద చతికిలబడి, బోడి చేపలన్నిటికీ రంగు పులిమేసేది. టీచర్లు చూసీ చూడనట్టు ఊరుకున్నారు. ఆవిడకీ అదో సరదా. చిన్నప్పుడు రెండేళ్ళు పలక పట్టి మానేసిన చెయ్యి, రంగుల డబ్బా దొరికితే ఊరుకుంటుందా! పిల్లలు వేసినట్టే ఉండాలని కాస్త గీత దాటించి మరీ వేసేది.

పిల్లల్లో ఒకర్తిని అందరూ పిచ్చుక అనేవారు. వయసు నాలుగు, మాటలు నలభై. తల్లి బట్టల కార్ఖానాలో బొత్తాలు కుట్టేది. ఇంట్లో ఉండేది వాళ్ళిద్దరే.

"ఏమే పిచ్చుకా, ఏనుక్కి చెవొక్కటి వేసి లేచిపోయావేం?"

"మిగతా ఏనుగు పడుకుంది ఆయమ్మా. నువ్వు లేపు."

"నేను లేపాలా? తమరేమో మహారాణిగారా?"

"నా చెయ్యి అలిసిపోయింది."

"మరి నోరు అలవదేం తల్లీ!"

నవ్వుకుంటూ ఏనుగుని నింపేసింది ఆయమ్మ. తరవాత చిలకని నింపింది. ఆ తరవాత పడవని. ఒట్టి బద్ధకం పిల్ల అనుకుందే గాని, చెయ్యి నిజంగానే అలిసిపోతోందేమోనని ఒక్కనాడూ తట్టలేదు.

ఏడాది చివర్లో పిచ్చుక మెట్లమీద పడ్డం మొదలెట్టింది. తల్లి కార్ఖానాకి సెలవు పెట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. డాక్టరు వేలు అందించి నొక్కమంటే పిల్ల సరిగ్గా నొక్కలేదు. కొత్తమనిషని మొరాయిస్తోందేమో అనుకుని, బడిలో వేసిన బొమ్మలుంటే తెమ్మన్నాడు. తల్లి ఫైలు పట్టుకెళ్ళి చూపించింది.

మర్నాడు బడి గుమ్మంలో ఆ తల్లి మొహం వెలిగిపోతోంది. "పిల్ల చెయ్యి భేషుగ్గా ఉందన్నాడు ఆయమ్మా! నెలనెలా బాగుపడుతోందిట. కాళ్ళ సంగతి మూడు నెలలాగి చూద్దామన్నాడు. అంతా మీ చలవే!"

నెలనెలా బాగుపడింది ఎవరి చెయ్యో ఆయమ్మకి తెలుసు. చెప్తే ఉద్యోగం పోతుంది, అది ఒక భయం. ఆ తల్లి మొహం ఏమైపోతుందో, అది ఇంకో భయం. రెంటి మధ్యా నలుగుతూ పదకొండు రోజులు నోరు కట్టేసుకుంది. పన్నెండోనాడు పిచ్చుక మంచినీళ్ళ గ్లాసు ఎత్తబోయి, ఎత్తలేక, వంగి బల్లమీదే మూతి పెట్టి తాగింది. పక్క పిల్లలు పిల్లికూన అని నవ్వారు. పిచ్చుకా నవ్వింది.

ఆ సాయంత్రం ఆయమ్మ చెప్పుల అర పక్కనున్న బెంచీమీద తల్లిని కూచోబెట్టింది. "అమ్మాయ్, ఆ ఫైలు ఒక్కసారి ఇయ్యి."

కాగితం తరవాత కాగితం తిప్పి వేలుపెట్టి చూపించింది. "ఇదిగో, ఈ ఇల్లంతా నీ పిల్లదే. ఈ పడవలో సగం దానిది, ఇక్కణ్ణుంచి నాది. ఈ చిలకలో ముక్కే దానిది."

తల్లికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక అడగడం మొదలెట్టింది. "ఈ పువ్వు?"

"నాది."

"ఈ సీతాకోకచిలక? డాక్టరు దీన్నే మెచ్చుకున్నాడు."

"అదీ నేనేనే తల్లీ."

చివరి కాగితంలో పిచ్చుకది మామిడికాయ తొడిమ దగ్గర ఒక చుక్క. అంతే. చుక్క కూడా కాదు, రంగుబలపం ఆనిన మచ్చ.

తల్లి ఫైలు మూసింది. తరవాత మెల్లగా అంది, "మీ చెయ్యి విరగ్గొట్టాలనుంది ఆయమ్మా. కానీ రోజూ నా పిల్లని జోకొట్టేది ఆ చెయ్యేగా."

తిడితే బావుండేది అనుకుంది ఆయమ్మ.

మర్నాడు సంగతి తెలిసి పెద్ద టీచరు ఆయమ్మని పనిలోంచి తీసేసింది. చూసీ చూడనట్టు ఊరుకున్నవాళ్ళెవరూ నోరు మెదపలేదు. పిచ్చుకని మళ్ళీ డాక్టరుకి చూపిస్తున్నారని ఆయమ్మ తిన్నగా ఆసుపత్రికి వెళ్ళింది. రావద్దని తల్లి అనలేదు, రమ్మనీ అనలేదు.

చెయ్యి మళ్ళీ చూడమని తల్లి పట్టుబడితే, డాక్టరు ఈసారి ఫైలు పక్కన పెట్టి అన్ని పరీక్షలూ చేయించాడు. కండరాలు తినేసే జబ్బు అన్నాడు. మొదట్లో పట్టుకుంటే మందు జబ్బుని ఉన్నచోట నిలిపేదిట. ఇప్పుడు మందు వేసినా పోయిన బలం రాదు, ఉన్నది ఎన్నాళ్ళుంటుందో తను చెప్పలేడు. "ఏడాది వేసిన బొమ్మల్లో ఇది కనపడాలే!" అన్నాడు తనలో తనే అనుకున్నట్టు. వేసిందెవరో చెప్పకుండా తల్లి గోడవైపు చూసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు గాని, ఇక్కడ కాలింది పసిదాని చేతులు.

"ఎంత వెయ్యగలదో ఓసారి చూస్తాను," అని డాక్టరు తెల్ల కాగితంమీద గుండ్రంగా ఒక బంతి గీసి, ఎర్ర రంగుబలపం పిల్ల ముందు పెట్టాడు. "ఏదీ, దీన్ని నింపు చూద్దాం."

పిచ్చుక బంతిని చూసింది. బలపాన్ని రెండు చేతులతో బల్ల అంచుదాకా తోసి, ఆయమ్మ వైపు జరిపింది.

"ఇది నీ పని కదా ఆయమ్మా," అంది. "నువ్వెయ్యి. నేను చూస్తూ ఉంటాను."