ఎర్ర కంకి పాట

మారీస్ కొత్త ఆల్బమ్‌లో ఉన్నవన్నీ ప్రేమ పాటలే. అమ్మానాన్నల కాలంలో రేడియోలో వచ్చినట్టు వినిపించాలని ఆమె పట్టుదల. అందుకే నికొలే ఊరి చర్చి కింది హాల్లో, ఒకే మైకు చుట్టూ అందరూ చేరి, ఏకబిగిన పాడి రికార్డు చేస్తున్నారు. ఒక్కరు తప్పినా పాట మళ్ళీ మొదటికి రావాల్సిందే.

ఆర్గన్ ముందు ఆమె భర్త సిల్వెన్. ఆదివారం ప్రార్థనలో వాయించేదీ అతనే. గిటారు దెనీ, డ్రమ్ములు లిన్. మిగతా పాటలన్నీ సిల్వెన్ ఇంట్లోనే విన్నాడు. ‘ఎర్ర కంకి’కి మాత్రం మారీస్ అతనికి రాగమే ఇచ్చింది. మాటలు ఇప్పుడే వింటున్నాడు.

"నీ పెదవుల మీద వెన్నా ఉప్పూ, నా చెంప మీద నీ గడ్డం గరుకు..."

సిల్వెన్ రోజూ నున్నగా గీసుకుంటాడు. గుబురు గడ్డం దెనీది.

ఆగస్టులో తమ పెరట్లోనే మొక్కజొన్నల విందు జరిగింది. పొత్తులు వలిచేటప్పుడు ఎర్ర కంకి దొరికినవాళ్ళే ఆ పూటకి రాజు, కోరినవాళ్ళని ముద్దు పెట్టుకోవచ్చు. ఈ రోజుల్లో ఎర్ర కంకి పండేదెక్కడ? విందు ఇచ్చేవాళ్ళే ఒకదానికి రంగు పూసి దాస్తారు. సిల్వెన్ బీట్‌రూట్ నీళ్ళు పట్టించి, పొట్టు మళ్ళీ కప్పి, తన కుర్చీ పక్క బుట్టలో పెట్టుకున్నాడు. అంతలో ఫాదర్ గారు వచ్చారని ఎదురెళ్ళాడు. తిరిగొచ్చేసరికి ఆ కుర్చీలో దెనీ! తాను దాచిన కంకి చూపించి తన భార్యకి ఇంకొకడు ముద్దు పెడుతుంటే, అందరితోపాటు తనూ చప్పట్లు కొట్టాడు.

ఇప్పుడు మారీస్ ప్రతి చరణానికీ ఊపిరి తీసుకుంటూ దెనీ వైపే చూస్తోంది. గిటారు చూసి పాట ఎత్తుకోవాలి కాబట్టే చూస్తోందని సిల్వెన్‌కి తెలుసు. తెలిసినా, అతని వేలు పక్క మీట మీద పడింది. రెండోసారీ అక్కడే పడింది.

"ఏం సిల్వెన్, నీతోపాటు వేళ్ళు కూడా ఉపవాసమా?" అంది లిన్.

"పోనీలేవే, పొద్దున్నించీ వాయిస్తున్నాడు," అన్నాడు దెనీ. ఆ జాలి ఇంకా మండించింది.

మారీస్ సిల్వెన్‌ని మెట్ల దగ్గరికి లాక్కెళ్ళింది. "కావాలనే తప్పుతున్నావు కదూ?"

"ఆ గడ్డం ఎవరిది?"

"ఊళ్ళో గడ్డాలకి కరువా?"

"మారీస్!"

"దెనీదే. తప్పు పనేదీ నేను చెయ్యలేదు, చెయ్యను. కానీ ఆ నిమిషం చెంప వేడెక్కింది. పద్దెనిమిదేళ్ళ పిల్లనైపోయాను. అది పాటైంది."

"ఆ కంకి నాకోసం దాచుకున్నాను. నీకు నేనే ముద్దు పెడదామని."

నవ్వుతుందనుకున్నాడు. ఆమె నవ్వలేదు. "నన్ను ముద్దు పెట్టుకోడానికి నీకు కంకి కావాలా?"

అతను తన నున్నటి చెంప తడుముకున్నాడు.

"నువ్వు వద్దంటే ఈ పాట తీసేస్తాను. ఒట్టు. ఇంకెప్పుడూ పాడను."

పొరుగువాడి భార్యని ఆశించవద్దన్నాడు దేవుడు. సొంత భార్య చెంపలోని వేడిని ఆశించేవాడికి ఏం చెప్పాడో సిల్వెన్‌కి గుర్తు రాలేదు. పాట తీసేస్తే ఆ వేడి కూడా పోతుందా? పోదు. తనకి వినిపించకుండా లోపలే ఉండిపోతుంది.

"పద," అన్నాడు.

ఈసారి వేళ్ళు ఎక్కడా తడబడలేదు. ఆమె దెనీని చూసి ఊపిరి తీసుకున్న ప్రతిసారీ, ఆ ఊపిరి కింద ఆర్గన్‌ని మెత్తగా పరిచాడు. గడ్డం మాట దగ్గర ఆమె గొంతు వణికితే, దాన్ని పడిపోనివ్వకుండా పట్టుకున్నాడు. పాట ఆగింది.

లిన్ ముక్కు తుడుచుకుంది. "అబ్బ, చంపేశావయ్యా! ఎందుకైనా మంచిది, ఇంకోసారి వాయిద్దామా?"

మారీస్ ఈసారి సిల్వెన్ వైపే చూస్తోంది.

"వద్దు," అన్నాడు సిల్వెన్, ఆర్గన్ మూత దించుతూ. "ఆ పాటని మళ్ళీ అంత బాగా వాయించడం నావల్ల కాదు."