పిల్లి దూకిన తర్వాత

లాస్ ఏంజిలెస్‌లో డెస్మండ్ ఫార్లీకి పొద్దున్నే ఉండే పని ఒకటే. కాఫీ పక్కన పెట్టుకుని టీవీలో ఎవరో ఒకరి చావుకి సంగీతం కట్టడం. ఒకప్పుడు జుట్టుకి ఊదారంగు పూసుకుని సింథసైజర్ ముందు గెంతిన న్యూ వేవ్ పాప్ సంగీతపు కుర్రాడు, తన బ్యాండ్ చెదిరిపోయాక ఒక డిటెక్టివ్ సీరియల్‌తో నిలదొక్కుకున్నాడు. దాని పుణ్యమా అని రెండు సినిమాలు కూడా చేతికొచ్చాయి.

సీరియల్‌లో హత్యకి ముందు అతను వాయించే బొంగురు స్వరం అతనుండే వీధిలోనూ దానంతటదే వినిపించేది, పోబోయే మనిషి చుట్టూ. పోస్ట్‌మ్యాన్ దగ్గర వినిపించినప్పుడు ఇరుగుపొరుగు ఆయన్ని కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చారు. ఆయన పోయాక భార్య డెస్మండ్‌కి ఆపిల్ కేకు పంపింది, ముందే తెలియబట్టి చెప్పుకోవాల్సిన మాటలు చెప్పుకోగలిగామని.

ఒక మంగళవారం ఆ స్వరం అతని వంటింట్లోనే మొదలైంది. అతని భార్య లోర్నా రొట్టెకి వెన్న రాస్తోంది. ఆమె పక్కకి జరిగితే స్వరమూ జరిగింది.

"నాకేనా, డెస్?" అంది మెల్లగా.

అతను వంటింటికి ఎదురుగా ఉన్న సింథసైజర్ దగ్గరికి పరుగెత్తాడు. దర్శకులకి ఒక పాత ఎత్తు ఉంది. భయాన్ని పెంచి పెంచి, చివరికి అల్మరాలోంచి పిల్లిని దూకిస్తారు. చూసేవాళ్లు ఉలిక్కిపడి నవ్వుకుంటారు. ఆ పిల్లి కోసం వాయించే స్వరాల దెబ్బని కొట్టాడు.

వంటింటి అల్మరాలోంచి పిల్లి దూకింది. వాళ్లింట్లో పిల్లి లేదు. స్వరం ఆగిపోయింది.

"చచ్చాననే అనుకున్నా," అని లోర్నా పకపకా నవ్వింది.

డెస్మండ్ నవ్వలేదు. పిల్లి తర్వాత నిశ్శబ్దం, ఆ తర్వాతే అసలు కత్తి. చూసేవాళ్లు ఊపిరి పీల్చుకునేదాకా ఆగి మరీ చంపించడం ప్రతి వారం అతను చేస్తున్న పనే. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. లోర్నా వెనక కిటికీ రెక్క దానంతటదే తెరుచుకుంటోంది.

"కదలకు," అన్నాడు.

ఇంకేమీ తోచక, సీరియల్ చివర పేర్లు పడేటప్పుడు వచ్చే బాణీ ఎత్తుకున్నాడు. పేర్లు పడ్డాక ఎవరూ చావరు. తప్పులు దొర్లుతున్నా ఆఖరిదాకా వాయించాడు. కిటికీ మూసుకుంది.

ఫోన్ మోగింది. సీరియల్ నిర్మాత, ముసలి ఇర్విన్. ఛానల్‌వాళ్లు సీరియల్ ఆపేశారట. ఆ రెండు సినిమాలవాళ్లూ వేరే మనిషిని పెట్టుకున్నారట. డెస్మండ్ వెక్కి వెక్కి ఏడవడం విని అవతల ముసలాయన కంగారుపడ్డాడు.

"ఏడవకు నాయనా. పోయింది పనే కదా."

డెస్మండ్ లోర్నా మణికట్టు పట్టుకుని ఉన్నాడు. నాడి కొట్టుకుంటోంది.

"అవును, ఇర్విన్," అన్నాడు. "పనే పోయింది."