ఆమె వేళ్లకే అందే ప్లగ్గు

ఆమె భయమల్లా ఒక్కటే. ఆ బండి పూర్తయిపోతుందని.

పైకి చెబితే ఎవరైనా నవ్వుతారు. గోడౌన్‌లో పెట్టెలు మోసే రోబోలను బాగుచేసే పని పోయాక, ఆమె భర్త చాలా రోజులు గోడవైపు తిరిగి పడుకునే ఉన్నాడు. తినమంటే తిన్నాడు, లెమ్మంటే లేచాడు, అంతే. ఒకసారి కంచం కడుగుతూ, కూరలో ఉప్పు తగ్గిందన్నంత మామూలుగా, "నేను లేకపోతే నీకు చాకిరీ సగం తగ్గుతుందేమోనే" అన్నాడు. ఆ మాట ఆమె గుండెలో ముల్లులా ఉండిపోయింది.

తర్వాత ఒక పొద్దున, ఏం పుట్టిందో, మంచం కింది గోనెసంచి బయటికి లాగాడు. పాత రోబోలను తుక్కులో వేసినప్పుడు అడిగి తెచ్చుకున్న సరుకు అది. రెండు చక్రాలు, మోటార్లు, బ్యాటరీ, ఏవో బోర్డులు.

"బండి చేస్తా. దీనిమీద నిలబడి ముందుకు వాలితే చాలు, అదే పోతుంది."

"రెండే చక్రాలు, అవీ పక్కపక్కన. పడదూ?"

మంచం కోడు పట్టుకుని ఊగుతున్న తమ పాపను చూపించాడు. "దాన్ని చూడు. ఎటు తూలితే అటు కాలేస్తుంది. ఇదీ అంతే, ఎటు ఒరిగితే అటు చక్రాలు పరిగెడతాయి. ఒరుగుతున్నానని తెలియడానికి దీనికో చెవి ఉంది," అని గోరంత బోర్డు ఆమె అరచేతిలో పెట్టాడు.

నిలబడే పలక కోసం ఆమె అలమార తలుపు పోయింది. పట్టుకునే పిడికి నేల తుడిచే కర్ర పోయింది. "ఇంకేం మిగిలింది, నా వెన్నెముక కూడా తీసి బిగించుకోండి" అంటే, గెడ్డం గీసుకుంటూ నవ్వాడు. నవ్వడం సరే, గెడ్డం గీసుకున్నాడు. ఆమెకు అదే పదివేలు.

ఆ చెవి బోర్డు పలక కింద, బ్యాటరీ వెనక ఇరుకులో ఉంది. దాని తెల్ల ప్లగ్గు పెట్టడానికి ఆయన వేళ్లు దూరలేదు. "నీ వేళ్లయితే పడతాయి. టక్కుమనేదాకా నొక్కు, ఇంజనీరమ్మా" అన్నాడు. తొమ్మిదిలోనే బడి మానేసిన మనిషికి ఆ పిలుపు సిగ్గూ తెచ్చింది, మురిపెమూ తెచ్చింది. టక్కుమంది.

"రేపు ఎక్కి చూస్తా. ఇది నడిస్తే చాలే. ఇంక నాకేం అక్కర్లేదు."

సంతోషంగానే అన్నాడు. ఆమె మాత్రం ఆ మాట దగ్గరే ఆగిపోయింది. ఇంకేం అక్కర్లేని మనిషి ఎల్లుండి దేనికోసం లేస్తాడు?

మర్నాడు ఆయన స్నానానికి వెళ్లగానే వేళ్లు దూర్చి ప్లగ్గును కాస్త వెనక్కి లాగింది. చూడ్డానికి పెట్టినట్టే ఉంటుంది, లోపల తగలదు. బండి నిలబడలేదు. ఆయన మోటార్లు విప్పాడు, వైర్లు మార్చాడు.

"నీ ప్లగ్గు బాగుందా?"

"టక్కుమంది కదండీ."

ఆ ఒక్క మాట నమ్మి, దాన్ని వదిలి మిగతాదంతా వెతికాడు. సాయంత్రం ఆకలేస్తోందని అడిగి మరీ తిన్నాడు. హమ్మయ్య, ఈ రోజుకు గట్టెక్కాం అనుకుంది. ఇక అదే అలవాటైంది. మళ్లీ నొక్కమంటే టక్కుమనిపించేది, ఆయన అటు తిరగ్గానే లాగేసేది.

కింద వాటాలో బట్టలు కుట్టే అక్క మెట్ల దగ్గర ఆపింది. "ఏం చెల్లీ, మీ పుష్పక విమానం ఎప్పుడు లేస్తుంది? కిటికీ పక్క సీటు నాది."

"ముందు నేలమీద నిలబడనీ అక్కా."

నవ్వుతూనే పైకొచ్చింది. ఆయన బండి ముందు కూర్చుని చేతులు తిరగేసి చూసుకుంటున్నాడు.

"చేతుల్లో పనితనం పోయిందే. గోడౌన్ వాళ్లు నన్ను ఊరికే తీసెయ్యలేదు. తెలిసే తీసేశారు."

"అదేం మాటండీ."

"దీన్ని తుక్కువాడికి ఇచ్చెయ్." వెళ్లి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఏ గోడ దగ్గర్నుంచి ఆయన్ని ఇవతలికి లాక్కుందో, ఆ గోడకే తన చేత్తో అప్పజెప్పింది. చెప్పేద్దామని నోరు తెరిచింది. తన మీద నమ్మకం కూడా పోతే ఆయనకు పట్టుకోవడానికి ఇంకేం ఉంటుంది? పలక కింద చెయ్యి పెట్టి ప్లగ్గును బలంగా నొక్కింది.

"ఒక్కసారి ఎక్కండి. నాకోసం. తర్వాత తుక్కువాడికే ఇద్దాం."

విసుక్కుంటూ ఎక్కాడు. చక్రాలు వణికాయి, సర్దుకున్నాయి, నిలబడ్డాయి. ఆయన వాలాడు. బండి వాలిన వైపుకు కదిలింది. పాప చప్పట్లు కొట్టింది. ఇద్దరూ కలిసి దాన్ని కిందికి మోశారు. కుట్టుమిషన్ అక్క నోట్లోని గుండుసూది తీసి, "నిజంగానే నిలబడిందే" అంది. ఆయన వీధి చివరిదాకా వెళ్లి తిరిగొచ్చాడు. ముఖంలో ఏముందో ఆమెకు అంతుపట్టలేదు.

"వంతెనదాకా వెళ్లొస్తా" అని మలుపు తిరిగాడు.

పైకొచ్చి పాపను నేలమీద దింపింది. బండి ఉన్న చోట దేన్నో ఏరుకుని పాప నోట్లో పెట్టుకుంది. ఆమె వేలు పెట్టి లాగింది. బియ్యపు గింజంత తెల్ల ముక్క. ప్లగ్గును పట్టి ఉంచే కొక్కెం. అన్నిసార్లు లాగీ లాగీ విరిగింది. అప్పుడు గుర్తొచ్చింది, ఈసారి టక్కుమనలేదు.

ఒక్క కుదుపు చాలు, ఆ చెవికి వినబడడం ఆగిపోతుంది. పడుతున్నానని బండికి తెలియదు.

ఆయన ఫోను బల్లమీదే ఉంది. పాపను చంకనేసుకుని మలుపుదాకా పరిగెత్తింది. రోడ్డు నిండా బళ్లు, ఆయన మాత్రం లేడు. పడతాడేమోనన్న భయం ఒకటి. పడకుండా వంతెనదాకా చక్కగా వెళ్లి, అక్కడ ఆగిపోతాడేమోనన్న భయం ఇంకొకటి. నడిస్తే చాలన్నాడు, ఇంకేం అక్కర్లేదన్నాడు. నడిచింది.

అలమార తలుపు మీద నిలబడి, నేల తుడిచే కర్ర పట్టుకుని వెళ్తున్న సన్నటి మనిషి మీ రోడ్డులో కనబడితే, అడ్డం పడకండి. పక్కన నడుస్తూ మాట కలపండి, మెల్లగా దిగమనండి. దిగాక పలక కింది తెల్ల ప్లగ్గు ఒకసారి చూడండి. మీ వేళ్లు దూరకపోతే ఫరవాలేదు, ఆమె వచ్చేదాకా ఆయన్ని ఎక్కనివ్వకండి. ఆయన చేతుల్లో ఏ లోపమూ లేదని కూడా చెప్పండి.