అరవై ఒక్కమంది ఒకే చోట

బిడ్డ ఉద్యోగం పోతే పోయింది గానీ పోలీసులైతే రారు కదా, అనుకుంటూ సుగుణమణి పాలగిన్నె పొయ్యి మీద పెట్టి మళ్లీ గుమ్మం దగ్గరికే వచ్చింది, ముందుగదిలో కూతురు గ్లోరియా ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఉంది, తెర నల్లగా ఉంది, బొమ్మల్లేవు, నొక్కడానికి గుర్తుల్లేవు, నలుపు మీద తెల్లటి అక్షరాలు, బ్యాంకులు దోచే దొంగల కంప్యూటర్లు టీవీలో ఇలాగే చూపిస్తారు, ఏం బిడ్డా ఖరాబైందా, కాలేదమ్మా, మరి నల్లగెందుకున్నది, అది గట్లనే ఉంటదే నువ్వు పాలు చూస్కోపో, ఏదో అయ్యే ఉంటుంది, పిల్ల చెప్పడం లేదు, వీళ్ల నాయన శాంతిరాజ్ కూడా ఇంతే, గనిలో కాలు బెణికితే నాలుగు రోజులు దాచిపెట్టి కుంటుతూ డ్యూటీకి పోయాడు, తండ్రీ బిడ్డలకు ఒకటే నోరు, ఒకటే తాళం.

అసలీ కొలువే కొత్తది, రెండు నెలలైంది, బొగ్గు దుమ్ము పీల్చి పీల్చి దమ్ము పట్టిన పాత కార్మికుల ఇళ్లకు ఆక్సిజన్ సిలిండర్లు చేర్చే సంస్థ, వ్యాన్ ఇవాళే మొదటిసారి తిరుగుతుంది, రెండు గంటలకు బయలుదేరాలి, డ్రైవర్ ఎల్లేశానికి ఫోన్లో ఏ ఇల్లు ఎక్కడుందో చుక్కలు పెట్టి పంపాలి, ఆ చుక్కల పని గ్లోరియాది, వెయ్యీ నూటనలభై మంది పేర్లు, పక్కన అడ్రసులు, ఒక్కొక్కటి చేత్తో వెతికితే నెల పడుతుందట, గిట్ల ఒక్క వరుస రాస్తే అంత అదే వెతుకుతదమ్మా అని పొద్దున చెప్పింది, ఒక్క వరుసతో వెయ్యి ఇళ్లు ఎవరైనా వెతుకుతారా, ఈ పిల్లను ఎవరో మోసం చేస్తున్నారు, అని అనుకుంటుండగానే గ్లోరియా ఆ ఒక్క వరుసా రాసి ఎంటర్ కొట్టింది.

పేర్లు పరుగెత్తాయి, ఆగయ్య, రాయమల్లు, సారవ్వ, చదివేలోపు పైకి పోతున్నాయి, ప్రతి పేరు పక్కనా రెండు అంకెలు, పద్దెనిమిదో పంతొమ్మిదో పాయింటు ఏదో, డెబ్బైతొమ్మిది పాయింటు ఏదో, గవేంది బిడ్డా బీపీ లెక్కలా, కాదే, గది వాళ్ల ఇల్లున్న జాగ, ఇంత భూమ్మీద గా రెండు నంబర్లు గా ఒక్క ఇంటికే, సుగుణమణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, ఇంత భూమ్మీద, సముద్రాలూ అడవులూ పోను, గోలేటిలో వేపచెట్టు కింద రెండు గదుల రాయమల్లుకు సొంతంగా రెండు అంకెలా, ఇంట్లో మంచం తప్ప సొంతమంటూ ఏమీ లేని మనిషికి, వంటింట్లో పాలు ఇంకా పొంగలేదు, పేర్లు అయిపోయాయి, గ్లోరియా నల్లతెర పక్కకు జరిపి పటం తెరిచింది, గోదావరి సన్నని నీలిగీత, అవతల మంచిర్యాల, ఇవతల రామగుండం, నడుమ చుక్కలే చుక్కలు, ఆమె చూస్తూ నిలబడింది, వీళ్లంతా బతుకంతా భూమి కింద చేసినవాళ్లు, పైనుంచి ఎవరికీ కనబడనివాళ్లు.

అప్పుడు కనబడింది ఆ ఎర్రటి గుండ్రం, మిగతా చుక్కల కంటే పెద్దది, లోపల అరవై ఒకటి అని అంకె, గ్లోరియా దాని మీద నొక్కితే పేర్లు వరుసగా విచ్చుకున్నాయి, అరవై ఒక్కమంది ఒకే చోట, సుగుణమణి కుర్చీ అంచు పట్టుకుంది, ఒకే చోట ఇంతమంది పేర్లు ఆమె ఒక్కసారే విన్నది, తనకు తొమ్మిదేళ్లప్పుడు, గని ముందర, చనిపోయినవాళ్ల పేర్లు గుమాస్తా కాగితం చూసి చదువుతుంటే అమ్మ తన చెయ్యి ఎముక విరిగేలా పట్టుకుంది, ఏ గని బిడ్డా, కప్పు కూలిందా, మీ నాయన పొద్దటి షిఫ్టుకు పోయిండు, లోపల ఫోన్ పలుకది, పేరున్నదా చూడు, జల్ది చూడు, గ్లోరియా ఫక్కున నవ్వి, తల్లి ముఖం చూసి నవ్వు ఆపేసింది, లేచి భుజాలు పట్టుకుంది, అమ్మా, ఎవ్వలు చావలే, గిది మన చౌరస్తా, అడ్రసు దొరకకుంటే గీ మిషన్ తెల్వదని చెప్పది, ఊరి నడిమిట్ల పెట్టేస్తది అంతే.

అంతేనా, అని ఊపిరి వదిలింది, వదిలిన ఊపిరి సగంలోనే ఆగింది, మరి వ్యాన్ యాడికి పోతది, గ్లోరియా మళ్లీ తెర వైపు తిరిగింది, ఆ వరుసలో మొదటి పేరు సదయ్య, సదయ్య కాక, అద్దెకు తెచ్చుకున్న సిలిండర్ సాయంత్రం దాకా కూడా సరిపోదని ఆయన కోడలు రాజకుమారి పొద్దున తనకు ఫోన్ చేసింది, ఇప్పుడు ఆమె ఫోన్ బంద్ ఉంది, ఈ అరవై ఒక్కరూ సంస్థకు ఇచ్చిన అడ్రసు పాత కాగితాల్లోది, కాంటీను గుడిసెలు, ఆ బస్తీ మొత్తం నాలుగేళ్ల కిందటే బొగ్గు తవ్వే ఓపెన్‌కాస్ట్ గుంతలో కలిసిపోయింది, ఎల్లేశం చౌరస్తాలో వ్యాన్ ఆపి అటూ ఇటూ చూసి తిరిగొచ్చేస్తాడు, ముసలాయన నోరు తెరిచి గాలి కోసం, వద్దు, అది చూడొద్దు, ఆమె కళ్లు గట్టిగా మూసి తెరిచింది, కాక రైల్వే గేటు అవతలున్నడు బిడ్డా, పిండిగిర్ని ఎనక సందు, నీలం గేటు, నీకెట్ల తెలుసే, ముందు గా జాగ సూపెట్టు.

గ్లోరియా ఏదో నొక్కింది, గీతలు పోయి ఆకాశం నుంచి తీసిన ఊరు వచ్చింది, ఇళ్ల కప్పులు, చెట్ల నెత్తులు, అదిగో తమ మిద్దె మీది నల్ల ట్యాంకు, ప్రభువా, నువ్వు చూసేది ఇట్లా ఉంటుందా, సుగుణమణి వేలు తెర మీద నడిచింది, గేటు, గిర్ని రేకులు, మలుపు, గిదే, గ్లోరియా నొక్కగానే సదయ్య చౌరస్తాలోంచి లేచి తన ఇంటి మీద వాలాడు, తర్వాతెవరు, సారలమ్మ, చెల్లె దగ్గర బెల్లంపల్లిల, దవాఖాన ముందటిల్లు, గా తర్వాత, చిన్న కొడుకు కాడ, వంతెన దిగంగనే, అలా ఒక్కొక్కరినీ దింపుతూ వచ్చింది, ముగ్గురు మాత్రం ఎంత తలచుకున్నా దొరకలేదు, వాళ్ల బంధువులకు గ్లోరియా ఫోన్లు చేసింది, పాలు ఎప్పుడో పొంగి పొయ్యి ఆరిపోయింది, ఇద్దరూ చూసుకోలేదు.

రెండున్నరకు ఎల్లేశం ఫోన్, అక్కా నీలం గేటే, ముసలాయన అరుగు మీద కూసొని ఎదురుచూస్తుండు, ఇప్పుడా వచ్చుడు, పెండ్లికొస్తున్నవా అని తిడ్తుండు, వెనకనుంచి దగ్గు, తర్వాత సిలిండర్ తిప్పిన చప్పుడు, గాలి సన్నగా జారిన చప్పుడు, గ్లోరియా తల్లి వైపు తిరిగింది, నల్లతెరను చూసి తల్లి ఎలా నోరు తెరిచిందో అలా చూస్తోంది, గిన్ని ఇండ్లు ఎట్ల యాదున్నయమ్మా, ఏముందే, బస్తీ ఖాళీ అయ్యేటప్పుడు ఒక్కొక్క ట్రాలీ కాడికి పోయి అడిగిన, ఎటు పోతున్నరు, ఎవల ఇంట్ల ఉంటరు, రేపేమన్నయితే ఎట్ల తెలుస్తదని, మీ నాయనేమో, ఊరి ఫికరంత నీకేనా, జీతమిస్తున్నరా అని నవ్విండు, అంటూనే సుగుణమణి ఆగిపోయింది, ఏ ఇంట్లో ఎవరున్నారో, ఎవరికి ఏమవుతుందో అని రాత్రీ పగలూ తిరిగే ఈ గుబులు, రోగమనుకుంది, సిగ్గుపడింది, ప్రతి ఆదివారం చర్చిలో మోకాళ్ల మీద పడి తీసెయ్యమని అడిగింది, అప్పుడే తీసేసి ఉంటే సదయ్య కాక ఇల్లు తనకెలా తెలిసేది, ఆ గుబులులోనే కదా ఇంతమందీ ఎవరి గుమ్మంలో వాళ్లు కూర్చుని ఉన్నారు, తన ప్రార్థనకు ప్రభువు వద్దనే చెప్పాడు, తనకే వినబడలేదు, ఇరవై ఏళ్లుగా వద్దంటూనే ఉన్నాడు, ఇక అడగదు.