నడినెత్తి మీద పౌడరు

ఆ వీధిలో ఆవిడ అసలు పేరుతో ఎవరికీ పని పడలేదు. కింద జుట్టు కత్తిరించే దుకాణం, పైన కాపురం, అందుకని అందరికీ కత్తెరమ్మే. గుమ్మంలో అడుగు పెట్టినవాళ్ల తల చూసి, దానికి ఏది పడుతుందో ఏది పడదో ఠక్కున చెప్పేస్తుందని పేరు. అంతటి మనిషి ఎనిమిది నెలలుగా తన ఇంట్లోనే ఉన్న ఒక్క తలను పోల్చుకోలేకపోయింది. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందంటే ఇదే మరి.

ఆ తల వాళ్లమ్మది. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి, మాట రెండూ పడిపోయాయి. ముప్పయ్యేళ్లు బస్టాండులో టికెట్ల కిటికీ వెనక కూర్చుని పనిచేసిన మనిషి. "లైన్లో నిలబడ్డవాళ్లకి ముందు కనిపించేది నా మొహం కాదే, నా నడినెత్తి" అనేది. జుట్టు సన్నం, పల్చన. అయినా ఎప్పుడు చూసినా అప్పుడే తలంటుకున్నట్టు పొంగి ఉండేది. పిల్లలు నిద్ర లేచేసరికే తయారై కూర్చునేది కాబట్టి, ఆ పొంగు వెనక ఏ తంటాలున్నాయో కూతురికి తెలియదు. అది అమ్మకి పుట్టుకతో వచ్చిందనుకుంది.

అమ్మ తన దగ్గరికి వచ్చాక కత్తెరమ్మ ఏ లోటూ చెయ్యలేదు. పెద్దవాళ్ల జుట్టు ఎండిపోతుందని, దుకాణంలో ఉన్నవాటిలోకెల్లా చిక్కటి క్రీము తెచ్చి మాడు నుంచి చివర్ల దాకా పట్టించేది. జలుబు చేస్తుందని వారానికి ఒక్కసారే తలస్నానం. రోజూ సాయంత్రం లెక్కపెట్టి మరీ వందసార్లు దువ్వేది. అమ్మ తల పక్కకి తిప్పుకునేది. "చిన్నపిల్లలా మారాం చెయ్యకమ్మా" అని గడ్డం పట్టుకుని ఇటు తిప్పి, ఆపిన దగ్గర్నుంచి మళ్లీ లెక్క మొదలెట్టేది.

రెండు నెలల కిందట ఈ పౌడరు గొడవ మొదలైంది. పొద్దున చూస్తే అమ్మ నెత్తి మీద, దిండు మీద తెల్లగా పౌడరు. డబ్బా దాచేస్తే, గోడ పట్టుకుని వంటింటి దాకా వెళ్లి మొక్కజొన్న పిండి చల్లుకుంది. ఇంట్లో దువ్వెనలు మాయమై ఆవిడ దిండు కింద దొరికేవి. ఎందుకమ్మా ఇలా అని అడిగితే, "అ... అ..." అని నెత్తి చూపించి ఏడ్చేది.

తమ్ముడు వచ్చి చూసి కుర్చీలో కూలబడ్డాడు.

"అమ్మకి మతి పోయిందక్కా. నువ్వొక్కదానివీ ఎంతకాలమని చూస్తావు? రేపు ఆ పౌడరు కళ్లలో చల్లుకుంటే?"

ఇలాంటివాళ్లని చూసుకునే హోమ్ ఒకటి మాట్లాడాడు. అక్కడ చేరగానే జుట్టు గొరిగేస్తారట, శుభ్రం చెయ్యడం సులువని. ఆ మాటకి కత్తెరమ్మ మూడు రోజులు ఏడ్చి, చివరికి సరేనంది. బుధవారం నాలుగింటికి బండి వస్తుందన్నారు.

ఆ బుధవారం అమ్మ మొహం చూస్తూ కూర్చోలేక కిందికి దిగి దుకాణం తెరిచింది. రెండింటికి ఒకమ్మాయి వచ్చింది. కొత్తగా ఉద్యోగంలో చేరిందట.

"పొద్దున తలస్నానం చేస్తే సాయంత్రానికే జిడ్డు ఓడుతోందక్కా. ఖరీదైన క్రీములన్నీ రాస్తున్నా."

"రాయబట్టే ఈ జిడ్డు." కత్తెరమ్మ నోరు దానంతటదే పనిలో పడింది. "నీది సన్నజుట్టు. క్రీము చివర్లకే రాయాలి, మాడుకి తగలనివ్వకు. రోజు విడిచి రోజు గోరువెచ్చటి నీళ్లతో కడుగు. ఊరికే దువ్వుకోకు, దువ్వేకొద్దీ మాడు మీది జిడ్డంతా కిందికి దిగుతుంది. కడుక్కునే తీరిక లేనినాడు పాపిట్లో కాస్త పౌడరు చల్లి, పది నిమిషాలాగి దులి..."

చేతిలో దువ్వెన కింద పడింది.

"ఏమైందక్కా?"

"రేపు రా తల్లీ. ఏమీ అనుకోకు" అని, మెట్లు రెండేసి చొప్పున ఎక్కేసింది.

అమ్మ కిటికీ దగ్గర కూర్చుని ఉంది. పక్కనే బట్టలు సర్దిన సంచి. నెత్తిన మళ్లీ పౌడరు. దుకాణంలోకి వచ్చిన తలని చూసినట్టు, కత్తెరమ్మ మొదటిసారి ఆ తలని చూసింది. మొహం మీద పౌడరు లేదు. మెడ మీద లేదు. పాపిట పొడుగునా, కణతల దగ్గర, చెవుల వెనక, సరిగ్గా జిడ్డు ఊరే చోట్లే ఉంది. మతి తప్పిన చెయ్యి ఇంత చూసి చల్లదు. చల్లడానికి ఒక చెయ్యి చాలు. దులపాలంటే ఒక చేత్తో జుట్టు ఎత్తిపట్టి, రెండో చేత్తో దువ్వాలి. ఆ రెండో చెయ్యే ఆవిడకి లేదు.

"పనిలోకి వెళ్లేముందు ఇలాగే చేసుకునేదానివా అమ్మా?"

అమ్మ కూతురి కళ్లలోకి చూసి తలూపింది. తర్వాత ఇద్దరూ చాలాసేపు ఏడ్చారు.

కత్తెరమ్మ గోరువెచ్చటి నీళ్లతో అమ్మ తల రెండుసార్లు కడిగింది. ఎనిమిది నెలల క్రీము నురగలో కలిసి పోయింది. తువ్వాలుతో రుద్దకుండా అద్ది, తల ముందుకి వంచి ఆరబెట్టింది. జుట్టు తేలికై పైకి లేచింది. అమ్మ ఎడమచేత్తో నడినెత్తి తడిమి చూసుకుని, అద్దం కావాలని చెయ్యి చాపింది.

నాలుగింటికి కింద హారన్ మోగింది. తమ్ముడు చెమటలు కక్కుతూ పైకొచ్చి, గుమ్మంలోనే ఆగి అమ్మని చూశాడు.

"సంచేదక్కా?" అన్నాడు మెల్లగా.

"విప్పేశాను. అమ్మకి మతి పోలేదురా. తల జిడ్డు కారుతుంటే ఓర్చుకోలేక తనకి తెలిసిన పని తను చేసుకుంది. ఆ జిడ్డు పట్టించింది నేను."

జరిగిందంతా చెప్పింది. వాడు నమ్మాలో వద్దో తెలియక నిలబడ్డాడు. వాడిది అచ్చం అమ్మ జుట్టే, సన్నగా, జిడ్డుగా నుదుటికి అంటుకుపోయి ఉంది. అమ్మ కాసేపు వాడి తలకేసి చూసింది. తర్వాత బల్ల మీది పౌడరు డబ్బాని ఎడమచేత్తో వాడి వైపు జరిపింది.

వాడు వచ్చి ఆవిడ కాళ్ల దగ్గర కూర్చుని తల వంచాడు. ఆవిడ వాడి పాపిట్లో, కణతల దగ్గర పౌడరు చల్లింది. దులపబోతూ కత్తెరమ్మ దువ్వెన ఎత్తింది. అమ్మ ఆ చెయ్యి పట్టుకుని ఆపి, అయిదు వేళ్లూ చూపించింది. మూసి, మళ్లీ అయిదు వేళ్లూ చూపించింది. కత్తెరమ్మ దువ్వెన దించి గోడ గడియారం చూసుకుంది.

కింద మళ్లీ హారన్ మోగింది. తమ్ముడు తెల్లటి తలతోనే లేచి, బండిని వెనక్కి పంపెయ్యడానికి మెట్లు దిగాడు.