చౌడు మీద సముద్రం

“అమ్మా, నాయిన సముద్రంల ఉన్నడే!” అని స్నేహ అరిచేసరికి, సుమిత్ర చేతిలోని అల్లం బుట్ట జారి వాకిట్లో పడింది.

ఫోన్లో మ్యాపంతా నీలం. ఆ నీలం నడుమ సంగయ్య చుక్క. లారీలో ట్రాక్టర్లు ఎక్కించుకుని, గుజరాత్ చివర ఉప్పు మడులకని జహీరాబాద్ నుంచి బయల్దేరి నాలుగు రోజులైంది. పొద్దున్నే మాట్లాడాడు. “గీడ ఇంత పెద్ద కోట ఉందే, లోపల పది కొంపలు గూడ లెవ్వు. ఎనుకట నది, ఓడలు, బజార్లు ఉండెనట. రెండు వందల ఏండ్ల కింద భూకంపమొచ్చి నేల లేస్తె, నది పక్కకు మళ్లిందట. గంతే, ఊరు ఖాళీ!” మాటకారి మనిషి. విన్నంతసేపు చెబుతాడు.

సుమిత్ర ఫోన్ కలిపింది. మూడోసారికి ఎత్తాడు.

“సముద్రమా? పిచ్చిదానా! వానకాలమే నీళ్లట. గిప్పుడు ఎండిన నేల, తెల్లగ చౌడు లెక్క ఉంది. కోట దాటి అడ్డంపడి పోతున్న. జర టైర్లు దిగినయి, అంతే.”

స్నేహ హమ్మయ్య అంది. సుమిత్రకు మాత్రం అసలు భయం అప్పుడే పట్టుకుంది. న్యాల్‌కల్‌లో ఆమె పుట్టింటి చేను సగం చౌడే. పైన తెల్లటి పెచ్చు, కింద ఊబి. ఏడేళ్లప్పుడు చూసింది: అందులో దిగిన ఎద్దు గింజుకున్నకొద్దీ లోపలికే పోయింది. చివరికి తండ్రి చేతికి చుట్టుకున్న పలుపు కోసుకుని ఒక్కడే గట్టుకొచ్చాడు.

“ఇంజన్ బంద్ చెయ్యి. దిగు. వచ్చిన టైర్ల జాడ పట్టుకొని కోటకు నడువు.”

“లారీ ఇడిసిపెట్టా? ఓనర్ తోలు తీస్తడు.”

“తీస్తె తియ్యనీ! నీ కాళ్లు మొక్కుత, దిగయ్యా!”

“ఆగు... గాలి మళ్లింది. అగో, దూరంగ ఏందో మెరుస్తుంది...”

లైను తెగింది.

చుక్క కదల్లేదు. “నడువు, నడువు” అని సుమిత్ర ఫోన్‌నే బతిమాలుకుంది. పావుగంటకు కొంచెం జరిగింది. ఆగింది. మళ్లీ జరిగింది. తర్వాత మాయమైంది. తల్లీకూతుళ్లు అల్లం మధ్యే కూలబడ్డారు.

మధ్యాహ్నం ఫోన్ మోగింది.

“కోట గోడెక్కిన,” అన్నాడు సంగయ్య రొప్పుతూ. “గాలికి సముద్రపు నీళ్లు తోసుకొచ్చినయి, నేను గోడ చేరేసరికే మోకాళ్ల దాక. చెప్పులు బురదలనే పోయినయి.”

“లారీ?” అంది స్నేహ.



“ఊబిల దిగిపోయినట్టుంది, కనవడ్తలేదు బిడ్డా.”

సుమిత్ర ఫోన్ లాక్కుంది. “ఉత్త కాళ్లతోనే ఇంటికి రా,” అని బావురుమంది.