పలికితేనే కదిలే లిఫ్టు

మా అక్క పోయాక ఆమె కూతురు నా పంచన చేరింది. పదహారేళ్ల సీమటపాకాయ. ఆమధ్య బడిలో ఒకమ్మాయి ముక్కు పగలగొట్టింది. ఆ మర్నాడే నా పనిసంచిలోంచి లిఫ్టు తాళంచెవి కొట్టేసి, వీధి చివరి అపార్టుమెంటులో లిఫ్టు పైకప్పు మీద నిలబడి ఆరంతస్తులు ఊరేగింది.

"పిల్లకు ప్రేమ కరువైంది," అంది హెడ్మాస్టరమ్మ. అది ఏ కొట్లో దొరుకుతుందో మాత్రం చెప్పలేదు. లారీ తోలే మా బావ, అంటే పిల్ల తండ్రి, ఫోనులోనే తీర్పిచ్చేశాడు: ఇంకొక్కసారి ఇలాంటిది వింటే హాస్టల్లో పడేస్తానని.

ఏడో తరగతిలోనే బడికి దండం పెట్టినవాణ్ణి. నాకు తెలిసిందల్లా లిఫ్టులు బాగుచేయడం. సెలవురోజు చూసి పిల్లని ఆ లిఫ్టు దగ్గరికే తీసుకెళ్లాను.

"నేను పైకప్పు మీదుంటా. 'పైకి' అని అరుస్తా. నువ్వు కింద తలుపు దగ్గర నిలబడి అదే మాట తిరిగి 'పైకి' అనాలి. అప్పుడే మీట నొక్కుతా."

"అనకపోతే?"

"కదలను. నీ తల తలుపులో ఉందో బయటుందో నాకు కనబడదుగా."

"మీట నీ చేతిలోనేగా మామయ్యా! కోతలు."

ఎక్కి అరిచాను. జవాబు లేదు. మళ్లీ అరిచాను. గ్రీజు వాసన, ఉక్కపోత. మోకాళ్లు పీకేస్తున్నాయి. మెట్లెక్కుతూ ఎవరో పెద్దమనిషి నా వంశాన్నంతా తిట్టిపోశాడు. నేను మాత్రం మీట మీద వేలు వెయ్యలేదు.

చాలాసేపటికి కింది నుంచి గొంతు వచ్చింది.

"ఇంకా ఉన్నావా?"

"ఎక్కడికి పోతానే?"

"నేనే వెళ్లిపోయుంటే?"

"వెతుక్కుంటూ దిగొచ్చేవాణ్ణి. నా మోకాళ్లు నిన్ను శపించేవి."

ముక్కు చీదిన చప్పుడు.

"పైకి!" అని అరిచింది, బిల్డింగు అదిరేలా. అప్పుడు నొక్కాను.

మారిపోయిందని నేననను. మర్నాడు బడిలో మళ్లీ గొడవే. కాకపోతే నోరు లేచింది గానీ చెయ్యి లేవలేదు. హాస్టలు ఊసెత్తొద్దని బావకు చెప్పేశాను.

ఆ సాయంత్రం నేను కూర కలుపుతుంటే గుమ్మంలోంచి కేక వేసింది.

"బయటికెళ్తున్నా!"

చెప్పి వెళ్లడం ఆ పిల్ల ఒంట్లోనే లేదు. పొగరు కొద్దీ నేను పలకలేదు. తలుపు చప్పుడూ కాలేదు.

"మామయ్యా! బయటికెళ్తున్నా అంటున్నానా!"

"బయటికెళ్తున్నావు," అన్నాను, గరిటె పట్టుకునే.

అప్పుడు పడింది తలుపు.